ఏది అంటు? ఎవరిది శుభ్రమైన చెయ్యి?

(ఆరోగ్య కార్యకర్తల మూడురోజుల తరగతుల్లో మొదటిరోజు మేము చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన పల్లెలవాళ్ల కోసం అచ్చు వేస్తున్నాం.)



తరగతులంటే భూమి గురించో, కేసుల గురించో, ఎలక్షన్ల గురించో మాట్లాడతారని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. తీరా చూస్తే ఇక్కడ బల్లమీద సబ్బుబిళ్ల, చెంబు, సెకన్ల ముల్లున్న గడియారం, థర్మామీటరు, బి.పి. మిషను పెట్టాం. "ఇదేం ఉద్యమం? ఇది నర్సమ్మల పని కదా" అని ఒక పెద్దాయన పొద్దున్నే అడిగాడు. అవును, నర్సమ్మల పనే. ఆ పనిలో మొట్టమొదటి పాఠాలు మన పల్లెకీ గూడేనికీ ఎందుకు కావాలంటున్నామో ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి పోతాం.

డాక్టరు దూరంగా కూర్చుని కూడా మందు చీటీ రాయగలడు. నర్సు దూరంగా కూర్చుంటే పని జరగదు. నాడి చూడాలంటే మణికట్టు పట్టుకోవాలి. బి.పి. చూడాలంటే రెట్టకు పట్టీ చుట్టాలి. కడుపులో బిడ్డ ఎటు తిరిగి ఉందో తెలియాలంటే రెండు చేతులూ తల్లి పొట్టమీద పెట్టాలి. చీము తుడవాలి, వాంతి ఎత్తాలి, పుట్టిన బిడ్డను నెత్తుటితోనే అందుకోవాలి. నర్సింగు మొదలయ్యేదే ముట్టుకోవడంతో. మరి ముట్టుకోవడమే పాపమని తరతరాలుగా నమ్మిన ఊళ్లో ఈ పని ఎట్లా నడవాలి?

మన తెలుగులో ఒక చిత్రముంది. రోగం పాకడాన్నీ అంటు అంటాం, మనల్ని ఎడంగా నిలబెట్టినదాన్నీ అంటు అనే అన్నారు. మొదటి అంటు కంటికి కనపడని క్రిమితో వస్తుంది, సబ్బుతో పోతుంది. రెండో అంటును మనకు పుట్టుకతోనే అంటగట్టారు, ఏ సబ్బుతోనూ పోనివ్వలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు దూరం దూరం అని ఊరంతా మైకులో చెప్పారు. దూరంగా నిలబడ్డం మనవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, ఆ విద్యలో మన తాతలకే పట్టాలివ్వచ్చు! నర్సింగు మొదటి పాఠం ఈ రెండు అంట్లనూ విడదీసి చూడ్డమే.

అసలు ఈ ముట్టుకునే పని ఇన్నాళ్లూ చేసిందెవరు? చాలా ఊళ్లలో మంత్రసాని అంటే మాల, మాదిగ, మంగలి, చాకలి ఇళ్ల ఆడవాళ్లే. అర్ధరాత్రి దొరగారింట్లో నొప్పులొస్తే గూడేనికి కబురొచ్చేది. వంటింటి గడప తొక్కనివ్వనివాళ్లు పురిటింట్లోకి మాత్రం రానిచ్చేవాళ్లు. బిడ్డను పట్టేది ఆమే, బొడ్డు కోసేది ఆమే, మాయ పూడ్చేది ఆమే, మైలగుడ్డలు ఉతికేది ఆమే. ఇచ్చేది ఓ పాతచీర, మానెడు గింజలు. పదకొండో రోజు పురిటి స్నానమయ్యాక ఆమె మళ్లీ వాకిటవతలే. నొప్పులు ఎట్లా వస్తున్నాయో చేత్తో పట్టి చెప్పే ఆ నేర్పును ఎవరూ విద్య అనలేదు, మైలపని అన్నారు. అదే పనికి సర్టిఫికెట్టూ జీతమూ వచ్చాక పవిత్రమైన వృత్తి అయింది.

తెల్లచీర నర్సుల సంగతీ అంతే. మొదట్లో మిషను ఆస్పత్రుల్లో నర్సింగు నేర్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవం తీసుకున్న పల్లెల పిల్లలూ, దిక్కులేని విధవలూ. పైకులాలవాళ్లు తమ ఆడపిల్లల్ని ఆ పనికి పంపలేదు, ఎవరెవరినో ముట్టుకోవాలని. ఫలితం ఏమిటంటే 1946లో భోర్ కమిటీ లెక్క తీసేసరికి దేశం మొత్తానికి దొరికిన నర్సులు సుమారు 7,000 మంది. 43 వేల జనానికి ఒక్క నర్సు! పేదరికం ఒక్కటే దీనికి కారణమని మేము అనుకోవడం లేదు. ముట్టుకునే పనిని నీచపరిచిన దేశానికి నర్సులు ఎక్కడినుంచి వస్తారు?

ఏటా మే 12న నర్సుల దినమని ఫ్లోరెన్స్ నైటింగేల్ పటం ముందు దీపం వెలిగిస్తారు. ఆమె గొప్పదే, కాదనం. గాలి, వెలుతురు, శుభ్రత, రోగిని కనిపెట్టి చూడ్డం, ఇవి నర్సు పనికి పునాదులని 1859లోనే పుస్తకం రాసింది. అయితే ఆ క్రిమియా యుద్ధానికే పోతానని 1854లో లండన్లో ఇంకొకామె దరఖాస్తు పెట్టుకుంది. పేరు మేరీ సీకోల్. జమైకా దీవిలో పుట్టిన నల్లజాతి తల్లి బిడ్డ, వైద్యం తల్లి దగ్గర నేర్చుకుంది, కలరా రోగులకు సేవ చేసిన చెయ్యి. ఆమెను తీసుకోలేదు. సొంత ఖర్చుతో యుద్ధభూమి దగ్గరికి పోయి, బసా తిండీ మందూ ఏర్పాటుచేసి సిపాయిలను చూసుకుంది. మన దేశంలో సావిత్రిబాయి ఫూలే ఉంది. 1897లో పూణేకు ప్లేగు వస్తే, డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌తో ఊరవతల ఆస్పత్రి పెట్టించింది. ముండ్వా మహర్‌వాడ నుంచి జబ్బుపడ్డ పిల్లవాణ్ని వీపుమీద మోసుకొచ్చిందని చెబుతారు. ఆ ప్లేగే అంటుకుని మార్చి 10న చనిపోయింది. పలకా బలపం పట్టిన సావిత్రిబాయి పటం మన ఇళ్లలో ఉంది. రోగిని మోసిన సావిత్రిబాయి పటం కూడా ఉండాలి.

ఇప్పటి సంగతికొద్దాం. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి చేసిన ఒక సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. నూటికి 33 ఊళ్లలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి రామన్నారని అందులో తేలింది. రానంటే మొహమ్మీద రానని చెప్పరు. మేము తిరిగిన పల్లెల్లో ఎట్లా జరుగుతుందో మీకూ తెలుసు. టీకాల రోజు పెద్దవీధి అరుగుమీద పెడతారు, గూడెం తల్లులు ఎండలో చివర నిలబడతారు. మాత్రలు చేతిలో పెట్టరు, పైనుంచి అరచేతిలో పడేస్తారు. "నువ్వే పట్టుకో, నువ్వే తిప్పు" అని బిడ్డను తల్లిచేతే ఎత్తించి చూశామనిపిస్తారు. ఇంకా ఘోరమొకటుంది. రెట్టకు పట్టీ చుట్టకుండానే కార్డులో 120/80 అని రాసేస్తారు. పల్లెలో పదిమంది గర్భిణుల కార్డులు తీస్తే పదింటిలోనూ అదే అంకె! అది బి.పి. అంకె అనుకుంటాం మనం. అది ముట్టుకోకపోవడం తాలూకు అంకె. అందరు నర్సమ్మలూ అట్లా ఉన్నారనడం లేదు. వానలో వాగు దాటి వచ్చేవాళ్లున్నారు, మన పల్లెల్లో పుట్టి నర్సులైనవాళ్లున్నారు, వాళ్ల డ్యూటీ కుర్చీని వేరుగా పెట్టే ఊళ్లూ ఉన్నాయి.

ఆస్పత్రిలో అంటరానితనంతో చేర్చుకోకపోవడం 1955 చట్టం 5వ సెక్షన్ ప్రకారమే నేరం. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రం పేరు పెట్టే చెప్పారు, అందులోకి పోనివ్వకుండా అడ్డుకుంటే నేరమని. చట్టాలున్నాయి. కానీ మీ బి.పి. అసలు చూశారా లేదా అన్నది చట్టానికి ఎట్లా తెలుస్తుంది? మీకు తెలిస్తేనే తెలుస్తుంది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్లకే ఏం చెయ్యలేదో కనపడుతుంది. మన తరగతులు ఇందుకు.

ఇక పాఠం. మొదటిది చేతులు.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆ పెద్దాస్పత్రిలో రెండు కాన్పుల వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ, రెండోదాంట్లో మంత్రసానులు కాన్పులు చేసేవాళ్లు. డాక్టర్ల వార్డులోనే బాలింతలు జ్వరంతో ఎక్కువమంది చచ్చిపోయేవాళ్లు. ఆ వార్డు వద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవాళ్లట. ఎందుకని వెదికితే తేలిందేమిటంటే, డాక్టర్లు శవాలను కోసి అదే చేతులతో వచ్చి కాన్పు చేస్తున్నారు. మంత్రసానులకు శవాల పని లేదు. సున్నపు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమని ఆయన రూలు పెట్టాడు. ఏప్రిల్లో నూటికి 18 మంది చనిపోతుంటే రెండు నెలల్లో అది రెండుకు దిగింది. పెద్దచదువుల డాక్టర్లు ఒప్పుకున్నారా? పెద్దమనుషుల చేతులు మురికివంటావా అని చాలామంది మండిపడ్డారు. ఈ కథ మన గూడెం పిల్లలందరికీ చెప్పండి. క్రిమికి కులం తెలియదు, డిగ్రీ తెలియదు. కడిగిన చెయ్యే శుభ్రమైన చెయ్యి.

కడగడమంటే తడపడం కాదు. గాజులు మోచేతి వైపు తోసుకోండి, ఉంగరం తియ్యండి. అరచేతులు, వెనకవైపు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద, చివరికి మణికట్టు. నలభై నుంచి అరవై సెకన్లు పట్టాలి. ఎక్కువమంది మరిచేది బొటనవేలే, గమనించండి. కడిగాక కొంగుకో లుంగీకో తుడిస్తే కడిగింది గంగపాలు. గాలికి ఆరనివ్వండి, లేదంటే ఉతికి ఎండేసిన గుడ్డ. ఇంకొకరు చెంబుతో పైనుంచి పోస్తే మేలు. దోసిలి పట్టి పైనుంచి పోసిన నీళ్లు తాగిన చరిత్ర మనది, చెంబు చూస్తే అదే గుర్తొస్తుంది. ఈ చెంబు దానికోసం కాదు, ఒకరికొకరం పోసుకుందాం. రోగిని ముట్టుకోబోయేముందు, ముట్టుకున్నాక, రెండుసార్లూ కడగాలి. ముందు కడిగేది ఆమెను కాపాడ్డానికి, తర్వాత కడిగేది మనల్నీ మన పిల్లల్నీ కాపాడుకోవడానికి. మీకు సూది వేసేవాళ్లు కడిగారా అని అడిగే హక్కు కూడా మీకుంది. సూది కొత్త ప్యాకెట్లోంచి తీసిందేనా, వాడగానే దాని మొన కత్తిరించారా అనీ చూడండి.

రెండోది నీళ్లు. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టింది హక్కు కోసం. 1985లో కారంచేడులో గొడవ లేచిందీ మాదిగల మంచినీళ్ల దగ్గరే. గేదెల కుడితి బకెట్టు మా తాగేనీళ్లలో కడగొద్దన్నందుకు మర్నాడు, జులై 17న, ఆరుగురిని చంపారు. ఆ రోజు బిందె ఎత్తి ఎదురుతిరిగిన మున్నంగి సువార్తమ్మ నీళ్లను మురికి చెయ్యొద్దంది. ఆరోగ్య పాఠంలో మొదటి వాక్యం అదే కదా.

మురికినీళ్లు తాగిన పిల్లకు విరేచనాలవుతాయి. పిల్ల చచ్చేది విరేచనం వల్ల కాదు, ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోయి. పోయినదాన్ని పోయినట్టు తిరిగి పొయ్యాలి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఆశా దగ్గరా సబ్‌సెంటర్లోనూ ఉచితం. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు మంచినీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్టు అరగ్లాసులో కలిపితే మేలు కాదు, కీడు. ప్యాకెట్టు లేనిరోజు లీటరు నీళ్లలో టీచెంచాతో, తల సమం చేసి, ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా చెంచాగా పట్టండి. వాంతి చేస్తే పది నిముషాలాగి మళ్లీ. తల్లిపాలు ఆపొద్దు, అన్నం ఆపొద్దు. జింకు మాత్ర 14 రోజులు, ఆరునెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నదానికి 10. విరేచనాలు ఆగినా మాత్ర ఆపకూడదు.

ఇక్కడో మాట అనక తప్పదు. మనవాళ్లకు సెలైన్ పిచ్చి పట్టింది. నీరసమంటే సెలైన్, జ్వరమంటే సెలైన్. కూలి డబ్బు పట్టుకెళ్లి ఆర్.ఎం.పి. చేతిలో పోస్తున్నాం. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేది నీళ్లూ, నాలుగున్నర గ్రాముల ఉప్పూ. అంతే. స్పృహలేనివాళ్లకూ, తాగింది నిలవనివాళ్లకూ అది ప్రాణం పోస్తుంది. నడిచివచ్చి బల్లమీద పడుకున్నవాళ్లకు మాత్రం అది ఖరీదైన ఉప్పునీళ్లే. కాన్పు తొందరగా కావాలని ఇళ్లలో నొప్పుల ఇంజక్షన్లు వేయించడం అంతకంటే ప్రమాదం, గర్భసంచి పగిలి తల్లులు పోతారు.

మూడోది లెక్కపెట్టడం. మాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠమిది. దీనికి మందు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు, గడియారముంటే చాలు. దగ్గూ జలుబూ ఉన్న బిడ్డకు నిమ్ము చేసిందా లేదా అనేది ఊపిరి చెబుతుంది. బిడ్డ ఏడుపు ఆపేదాకా ఆగండి. తల్లి ఒళ్లోనే ఉంచి చొక్కా పైకెత్తండి. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. నిండా అరవై సెకన్లు లెక్కపెట్టాలి. అరనిముషం చూసి రెట్టింపు చెయ్యొద్దు, పసిబిడ్డల ఊపిరి ఒకలా ఉండదు. రెండునెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. అంతకు తక్కువుంటే ఊపిరి మామూలే. ఆ అంకె వచ్చినా దాటినా ఊపిరి జోరుగా ఉన్నట్టే, ఆరోజే ఆస్పత్రికి పోవాలి. రెండునెలల లోపు బిడ్డకైతే ఇంకోసారి లెక్కపెట్టి రూఢి చేసుకోండి, ఆలస్యం మాత్రం చెయ్యకండి. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలక్కుండా మగతగా ఉన్నా లెక్కలతో కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

అంకె ఏం చేస్తుందో చూడండి. "పిల్లకు బాగాలేదు బాబూ" అని చేతులు కట్టుకుని ఆస్పత్రి వాకిట నిలబడితే "అక్కడ కూర్చో" అంటారు. "ఎనిమిది నెలల బిడ్డ, పొద్దున ఏడింటికి నిముషానికి 62 సార్లు ఊపిరి తీసింది, పాలు తాగడం లేదు" అని చెప్పండి. ఆ మాట విని కుర్చీలోంచి లేవనివాడు ఎందుకు లేవలేదో తర్వాత జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

కడుపుతో ఉన్నవాళ్ల సంగతి రేపు మధ్యాహ్నం వివరంగా ఉంది, రెండు ముక్కలే ఇప్పుడు. బి.పి. 140/90 వచ్చినా దాటినా, మొహం చేతులు ఉబ్బినా, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా గుర్రపువాతానికి దారి అది, వెంటనే పోవాలి. రక్తం 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 లోపుంటే ప్రాణం మీదికే. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. ఐరన్ మాత్ర గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక 180 రోజులు. టీతో వేసుకోవద్దు, దొడ్డికి నల్లగా వస్తుందని మానొద్దు. అయితే తొమ్మిదో నెల దాకా నాట్లువేసే మనిషికి మాత్ర ఒక్కటే ఏం చేస్తుంది? కాన్పుకు ముందూ వెనకా కూలీ ఆడదానికి విశ్రాంతీ, డబ్బూ ఇవ్వాలని 1928లో బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ మాట్లాడారు, మరుసటేడు అక్కడ చట్టమొచ్చింది. అది ఫ్యాక్టరీ ఆడవాళ్లకు. పొలంలో ఉన్నవాళ్లకు ఆ విశ్రాంతి ఇంకా రాలేదు.

నాలుగోది రాయడం. మంచి నర్సును ఆమె నోటుపుస్తకం చూసి గుర్తుపట్టచ్చు. తేదీ, గంట, ఏం చూశాను, ఏం చేశాను. చెయ్యనిది రాయకూడదు, చేసింది రాయకుండా వదలకూడదు. మన పల్లెకొక నోటుపుస్తకం పెడదాం. ఏ తల్లికి ఎన్నో నెల, ఏ బిడ్డకు ఏ టీకా బాకీ, పుట్టినప్పుడు తూకమెంత, రెండున్నర కిలోల లోపా, రెండు వారాలు దాటి దగ్గుతున్నదెవరు, కళ్లె పరీక్షకు పోయారా లేదా. అదే పుస్తకంలో రెండో వైపునుంచి ఇంకో లెక్క రాద్దాం. సబ్‌సెంటరు ఏ తేదీన తాళం వేసి ఉంది, ఓ.ఆర్.ఎస్. ఎప్పుడు లేదన్నారు, టీకాలు గూడెంలో ఎప్పుడు పెట్టారు. కలెక్టరు దగ్గరికి పోయినప్పుడు ఉపన్యాసం అక్కర్లేదు, ఆ పుస్తకం చాలు.

హద్దులు కూడా చెప్పాలి. మూడురోజులు నేర్చుకుని ఎవరూ సూది పట్టుకోవద్దు. పాము కరిస్తే కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి విషం విరిగే ఇంజక్షను దొరికే ఆస్పత్రికి తీసుకుపోండి. మన పని గుర్తుపట్టడం, చేర్చడం, వదలకుండా అడగడం. మనమే నేర్చుకున్నాం కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకోవద్దు. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరు, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రం, కొండల్లో గిరిజన ప్రాంతాల్లో 3,000కూ 20,000కూ. ఇది సర్కారు తనే రాసుకున్న లెక్క. 2005 నుంచి ఆశాలను పెట్టారు, మన ఆడవాళ్లు చాలామంది అందులో ఉన్నారు. గడప గడపా తిరిగే మనిషిని కార్మికురాలనకుండా స్వచ్ఛంద కార్యకర్త అని పేరుపెట్టి, జీతం అనకుండా పారితోషికం అన్నారు. మంత్రసానికిచ్చిన పాతచీర, మానెడు గింజలు గుర్తుకొస్తాయి మాకు. వాళ్ల ధర్నాకు మనం పోవాలి.

ఇంటర్ చదువుతున్న చెల్లెళ్లకు ఒక మాట. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్లు. కాలేజీలో చేరేముందు దానికి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. స్కాలర్‌షిప్పు మీద పడి బతికే ఉత్తుత్తి కాలేజీలు ఉన్నాయి, హాస్పిటల్ మొహం చూపించకుండానే సర్టిఫికెట్టిస్తామంటారు. రోగిని ముట్టుకోకుండా నర్సయ్యే చదువు మనకొద్దు.

రేపు పొద్దున ఏడింటికే మొదలు. ప్రతి పల్లెవాళ్లూ ఒక సెకన్ల ముల్లు గడియారం, ఒక సబ్బు, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ఫోన్లో గడియారమైనా సరే. గర్భిణులూ బాలింతలూ తల్లీబిడ్డల కార్డులు తప్పకుండా తేవాలి, ఒక్కొక్కరికీ ఇక్కడే బి.పి. చూసి కార్డులో అంకె పక్కన పెట్టి చూద్దాం. చంటిపిల్లల్ని ఇంట్లో వదిలిరాకండి, ఊపిరి లెక్కపెట్టడం వాళ్లమీదే నేర్చుకోవాలి. వంట దగ్గర ముగ్గురు కావాలి, ఈసారి మగవాళ్లు పేర్లివ్వండి.